తేలిక గోడ దాటి మాట ఎంత వెళ్తుంది? పులివెందుల కట్టడాల మీద ఒక లెక్క

పులివెందుల వైపు పాత మట్టిమిద్దెల్లో గోడ మందం ఒకటిన్నర అడుగు ఉండటం మామూలే. చుట్టుపక్కల దొరికే రాయి, మధ్యలో మట్టి అడుసు, లోపలా బయటా పూత. పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలో బోదో పరిచి ఆపైన పోసిన చౌడు మట్టి. అలాంటి ఇంట్లో పక్కగది మాట వినపడిందంటే అది తలుపులోంచో కిటికీలోంచో వచ్చిందే తప్ప గోడలోంచి వచ్చింది కాదు. ఇప్పుడు బజారులో ఒక అంగడి మీది అంతస్తును రెండుగా చీల్చి, ఇటు డాక్టరు గది, అటు రోగులు కూర్చునే చోటు చేయాలంటే మధ్యలో లేచేది జీఐ చానెళ్ల మీద మరలతో బిగించిన జిప్సం బోర్డు. రెండు రోజుల్లో పని అయిపోతుంది, స్లాబు మీద బరువు పడదు, రేపు అంగడి మారితే విప్పి పక్కన పెట్టొచ్చు. రోగి తన బాధ చెప్పుకుంటుంటే బయట బెంచీ మీదివాళ్లకు ఎంత వినపడుతుంది? గోడ కట్టకముందే లెక్కగట్టి చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. ఆ ‘కొంత’ ఎక్కడిదాకా అన్నది చూడటమే ఈ వ్యాసం పని. కింద వచ్చే అంకెల్లో ఎక్కువ భాగం సూత్రాలతో వేసిన అంచనాలు. ఏ అంకె ఏ ఊహ మీద నిలబడిందో అక్కడక్కడే చెబుతాను, ఊహ మారితే అంకె కూడా మారుతుంది.

అన్నిటికీ మొదలు బరువు సూత్రం. గోడ ఎంత బరువైతే అంత శబ్దాన్ని ఆపుతుందని జర్మనీలో బెర్గర్ 1911లోనే ప్రయోగాలతో చూపాడు. ఇవాళ వాడే రూపం ఇది: చదరపు మీటరు గోడ బరువును కిలోల్లో తీసుకుని శబ్ద పౌనఃపున్యంతో గుణించాలి, ఆ లబ్ధపు లాగరిథమ్‌ను 20తో హెచ్చవేసి 47 తీసేయాలి. బరువు రెట్టింపైతే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. రాతిగోడ చదరపు మీటరుకు వెయ్యి కిలోలనుకుంటే మనిషి మాట నడుమన ఉండే 500 హెర్ట్జ్ దగ్గర 67 డెసిబెళ్లు వస్తుంది. నిజంగా అంత దక్కదు. తలుపులు, కిటికీలు, పైకప్పు ముందే శబ్దాన్ని దాటించేస్తాయి. ఒక్క జిప్సం బోర్డుకు, 12.5 మిల్లీమీటర్ల మందం, 9 కిలోల బరువు అనుకుంటే, అదే చోట 26 వస్తుంది. శబ్దం 10 డెసిబెళ్లు తగ్గితే చెవికి సుమారు సగమైనట్టు తోస్తుంది. ఆ కొలతన చూస్తే ఈ రెండు గోడల మధ్య దూరం చిన్నది కాదు.

ఈ సూత్రాన్ని నమ్ముకుని బరువు ఒక్కటే చూసేవాళ్లకు పులివెందుల ఉన్న కడప జిల్లాలోనే ఒక హెచ్చరిక ఉంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు తవ్వే నాపరాయిని, భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అనే పొరను, ఇక్కడ నేలకే కాదు, నిలువుగా పాతి ప్రహరీలకు, స్నానాల గదులకు, వసారా అడ్డుగోడలకు కూడా వాడతారు. 30 మిల్లీమీటర్ల బండ చదరపు మీటరుకు 80 కిలోల పైమాటే. బరువు సూత్రం 500 హెర్ట్జ్ దగ్గర దానికి 45 డెసిబెళ్లు ఇస్తుంది. కానీ పలుచగా, బిగువుగా ఉండే ఏ పలకకైనా ఒక బలహీనత ఉంటుంది. పలకలో సాగే వంపు అలల పొడవు, గాలిలో శబ్దపు అలల పొడవు ఒకదానికొకటి సరిపోయే పౌనఃపున్యం దగ్గర పలక శబ్దాన్ని దాదాపు అడ్డు లేకుండా అందిస్తుంది. లోథార్ క్రెమర్ 1942లో దీన్ని విడమరిచాడు. జిప్సం బోర్డుకు ఆ చోటు 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ దగ్గర, మాటలోని పెద్ద భాగానికి పైన పడుతుంది. సున్నపురాయి బిగువును 30 నుంచి 70 గిగాపాస్కళ్ల మధ్య ఎక్కడ తీసుకున్నా, 30 మిల్లీమీటర్ల బండకు అది 400, 650 హెర్ట్జ్ మధ్యే వచ్చి పడుతోంది, అంటే సరిగ్గా మాట నడుమన. పైగా రాయి కంపనాన్ని తనలో అంతగా మింగుకోదు, వేలితో తడితే ఖంగున మోగడం అందుకే. కాబట్టి సూత్రం ఇచ్చిన 45ను ఈ బండ గోడకు నేను రాయను. ఎంత తగ్గుతుందన్నది బండల అంచులు ఎలా కూర్చోబెట్టారు, సందుల్లో సిమెంటు నిండిందా అన్న దాని మీద ఉంటుంది. బండ పాతిన చోట సందు నిండకపోవడమే ఎక్కువగా కనిపించే దృశ్యం.

నాలుగంగుళాల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో పోసిన తేలిక కాంక్రీటు) గోడది కూడా ఇదే జాతి సమస్య. పూతతో కలిపి వంద కిలోల పైచిలుకు ఉండే ఆ గోడకు బరువు సూత్రం 47 చెబితే, ప్రయోగశాలల్లో అన్ని పౌనఃపున్యాలనూ కలిపి చెప్పే మొత్తం అంకె 40 పరిసరాల్లోనే. బలహీనత 300, 400 హెర్ట్జ్ దగ్గర పడటం దానికి ముఖ్య కారణం. రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద పక్కనే దొరికే జిల్లాలో ఆ బూడిదతో చేసే ఇటుకలూ ఇలాంటి బ్లాకులూ ఇంకా పెరిగేవే కాబట్టి, ‘ఇది కూడా గోడే కదా’ అన్న ధీమా కొంచెం తగ్గించుకోవడం మంచిది.

రేకుల కప్పు సంగతి ఇంకొంచెం వేరు. సిమెంటు రేకు చదరపు మీటరుకు 12 కిలోలనుకుంటే లెక్కకు 29 డెసిబెళ్లు, అర మిల్లీమీటరు ఇనుప రేకుకు 19. అలలు తీర్చిన రేకు ఒక దిక్కున బిగువు, మరో దిక్కున మెత్తన. అందువల్ల పైన చెప్పిన బలహీనత ఒక చోట గుచ్చినట్టు కాకుండా వెడల్పుగా పరుచుకుంటుంది, వచ్చేది లెక్క కంటే ఎప్పుడూ తక్కువే. దానికి తోడు రేకుకూ గోడకూ మధ్య అలల కింద మిగిలే ఖాళీలు. వాన చినుకుల మోత ఇంకో ప్రత్యేక విషయం, దాన్ని కొలిచే పద్ధతే వేరు. ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె ప్రాంతం ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) గనులకు పేరు. పాత సిమెంటు రేకుల్లో ఆ జాతి నార ఉండే అవకాశం బాగా ఉంది. ఆ దుమ్ము ఊపిరికి చేటు కాబట్టి శబ్దం తగ్గించాలని వాటిని కోయడం, బెజ్జాలు వేయడం వద్దు. కింద విడిగా సీలింగు కట్టుకోవడమే క్షేమం.

ఇప్పుడు అసలు సంగతి, రెండు పొరల గోడ. తేలిక కట్టడం తన బరువుకు మించి పనిచేసేది ఇక్కడే. 9 కిలోల బోర్డులు రెండు కలిపి అంటించేస్తే 18 కిలోల గోడ, బరువు సూత్రం ప్రకారం 32 డెసిబెళ్లు. అవే రెండు బోర్డులను 75 మిల్లీమీటర్ల ఎడంలో నిలిపి, మధ్యలో గ్లాస్‌వూల్ పెట్టి, పలుచని ఉక్కు చానెళ్ల మీద కడితే ప్రయోగశాలలో మొత్తం అంకె 40 దాటుతుంది. కెనడా జాతీయ పరిశోధన మండలి 1998లో వెలువరించిన జిప్సం గోడల కొలతల సంపుటిలో ఇలాంటి అమరికలు వరుసగా కనిపిస్తాయి. మధ్యనున్న గాలి స్ప్రింగులా పనిచేసి రెండు బోర్డులనూ ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది.

ఆ స్ప్రింగుకూ సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపు దగ్గర రెండు బోర్డులూ కలిసి కదిలి, గోడ ఒంటి బోర్డు కంటే కూడా అధ్వాన్నం కావచ్చు. ఎడం మీటర్లలో, బరువులు కిలోల్లో తీసుకుని పాత సూత్రం వేస్తే పై గోడకు అది 103 హెర్ట్జ్. ప్రతి వైపూ రెండేసి బోర్డులు వేస్తే 73కు దిగుతుంది. అది ఎంత కిందికి దిగితే మాటకు అంత మంచిది, దానికి పైనే గోడ తన నిజమైన పని మొదలుపెడుతుంది.

పని చేసేచోట దీన్ని చెడగొట్టడానికి రెండు దారులు బాగా అలవాటు. ఒకటి గ్లాస్‌వూల్ ఎగ్గొట్టడం. ఖాళీలో శబ్దం అటూఇటూ కొట్టుకుని బోర్డులను మళ్లీ కలుపుతుంది, చాలా డెసిబెళ్లు పోతాయి. రెండోది దాని బదులు థర్మాకోల్ పెట్టడం. వేడికి పనికొచ్చేది శబ్దానికీ పనికొస్తుందని అనుకోవడం సహజం, కడప ఎండలు తెలిసినవాడు వేడి గురించే ముందు ఆలోచిస్తాడు కూడా. కానీ థర్మాకోల్‌లో గాలి ఆడదు, అది శబ్దాన్ని పీల్చుకోలేదు. బోర్డులకు అంటించి పెడితే ఇంకా చెడ్డది. గాలి స్ప్రింగు స్థానంలో గట్టి స్ప్రింగు వస్తుంది. 50 మిల్లీమీటర్ల ఖాళీలో గాలి ఉంటే ఊపు 126 హెర్ట్జ్ దగ్గర, థర్మాకోల్ అంటిస్తే, దాని బిగువు 3 నుంచి 5 మెగాపాస్కళ్లని తీసుకుంటే, 580 నుంచి 750 మధ్యకు ఎగబాకుతుంది. మాట నడిమధ్యనే గోడకు బొక్క పెట్టినట్టు. గోడ మందం చూస్తే ఏ తేడా కనపడదు, తూకం వేసినా దొరకదు.

ఇంతవరకూ గోడ ఒక్కటే చూశాం. లెక్క తప్పేది ఎక్కువసార్లు గోడలో కాదు. పైన చెప్పిన డాక్టరు గదినే ఊహించుకుని అంకెలు వేద్దాం. అడ్డుగోడ నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 12 చదరపు మీటర్లు. అందులో 1.8 చదరపు మీటర్ల ఫ్లష్ డోర్. తలుపు కింద తివాచీకో నీళ్లు తుడవడానికో వదిలిన పది మిల్లీమీటర్ల సందు, 90 సెంటీమీటర్ల పొడవున. జిప్సం గోడది 42 డెసిబెళ్లు, తలుపు చెక్కది 25 అనుకుందాం. సందులోంచి శబ్దం అలాగే దాటిపోతుందనుకుందాం. ఒక్కో భాగం ఎంత శక్తిని దాటిస్తుందో కూడి, 12తో భాగించి, మళ్లీ డెసిబెళ్లలోకి మారిస్తే మొత్తం 29.

ఇప్పుడు యజమాని డబ్బులకు వెనకాడకుండా రెండు వైపులా రెండేసి బోర్డులు వేయించి గోడను 52కు తెచ్చాడనుకోండి. మళ్లీ కూడితే మొత్తం 29.1. పది డెసిబెళ్ల మంచి గోడ కొని, ఒక్క డెసిబెల్‌లో పదోవంతు పైచిలుకు లాభం తెచ్చుకున్నాడన్నమాట. అదే డబ్బులో చిన్న పాలు పెట్టి, మొదటి 42 గోడనే ఉంచి, తలుపు కింద రబ్బరు పట్టీ బిగించి సందు మూసేస్తే 33కు దగ్గర వస్తుంది. చుట్టూ రబ్బరు అంచులున్న 30 డెసిబెళ్ల తలుపు పెడితే 37. సందు మొత్తం వైశాల్యం గోడలో వెయ్యోవంతు కూడా కాదు.

ఈ లెక్క ముతకది. సన్నని సందు అన్ని పౌనఃపున్యాలనూ ఒకేలా దాటించదు, లోతును బట్టి కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ దాటిస్తుంది. అయినా వరుస మారదు: సందు మొదట, తలుపు తర్వాత, గోడ చివర. నా మటుకు ఈ ఊరి బజారు కట్టడాల్లో శబ్దం అంచనా వేయమని ఎవరైనా అడిగితే బోర్డు కంపెనీ కరపత్రం కంటే ముందు తలుపు కింద వేలు పెట్టి చూస్తాను.

తలుపు తర్వాత ఫాల్స్ సీలింగు. అడ్డుగోడను స్లాబు దాకా తీసుకెళ్లకుండా సీలింగు దగ్గరే ఆపేస్తే, ఒక గది శబ్దం సీలింగు దాటి పైకెళ్లి, ఖాళీలో నడిచి, పక్కగదిలోకి దిగుతుంది. ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, రెండు గదులకూ ఒకే చోట వీపు వీపు ఆనించి పెట్టిన స్విచ్‌బోర్డు పెట్టెలు, ఇవన్నీ అదే కుటుంబం. ఇక వేసవిలో కిటికీ రెక్కలు తెరిస్తే రోడ్డు వైపు గోడ ఎంత గొప్పదైనా దక్కేది 10, 15 డెసిబెళ్లే. శబ్ద కాలుష్య నియమాలు 2000 నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు పెట్టాయి. వ్యాపార ప్రాంతానికి 65, 55. కింద అంగడి, మీద ఇల్లు ఉన్న మన బజార్లలో ఆ రెండు ప్రాంతాల మధ్య హద్దు ఒక స్లాబే.

గోడను తప్పించి పక్క కట్టడాల గుండా దాటే ప్రక్కదారుల శబ్దాన్ని పద్ధతిగా లెక్కగట్టే మార్గం నెదర్లాండ్స్‌లో గెరెట్సెన్ 1979లో వేశాడు. రెండు గదుల మధ్య గోడ నుంచి నేరుగా ఒక దారి, ఆ గోడ నాలుగు అంచుల దగ్గర మూడేసి చొప్పున పన్నెండు ప్రక్కదారులు, మొత్తం పదమూడు. ఒక్కోదాన్ని విడిగా అంచనా వేసి కూడాలి. 2000లో ఐరోపా ప్రమాణంగా, ఆపైన అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది ఈ పద్ధతే. ఇది కాంక్రీటు, ఇటుక కట్టడాలకు బాగా నప్పుతుంది. అక్కడ కంపనం పలకంతా సమంగా పరుచుకుంటుంది, అంచుల దగ్గర ఎంత దాటుతుందో ఒక అంకెతో చెప్పొచ్చు. తేలిక బోర్డులో కంపనం మరలు, చానెళ్ల దగ్గరే ఎక్కువ, దూరం పోయేకొద్దీ అణిగిపోతుంది. ‘సగటు’ అన్న మాటకే అక్కడ పట్టు చాలదు. ఇంకో చిక్కు ఏమంటే, ప్రయోగశాలలో బోర్డుకు కొలిచిన అంకెలో గాలి నేరుగా తోసినందువల్ల దాటిన శబ్దం కూడా కలిసి ఉంటుంది. అంచుల గుండా పాకే శబ్దానికి ఆ భాగం వర్తించదు, తీసేయాలి. ఐరోపా దేశాలు కలిసి చెక్క, తేలిక కట్టడాల మీద నడిపిన కార్యక్రమాల్లో ఈ ముడి విప్పడానికీ శ్రమపడ్డారు. 2017 నాటి ప్రమాణ సవరణలో తేలిక కట్టడాలకు వేరే దారి చేర్చారు.

మరి నేరుగా దాటే శబ్దానికైనా సూత్రాలు ఏకమాట మీద ఉన్నాయా? లేవు. రెండు పొరల గోడలకు లండన్ 1950లో, షార్ప్ 1978లో, ఆ తర్వాత డేవీ, ఇంకెందరో నమూనాలు ఇచ్చారు. ఫిన్లాండ్ పరిశోధకుడు హొంగిస్టో 2006లో అలాంటి 17 నమూనాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే గోడకు అవి చెప్పే అంకెల మధ్యే కొన్ని పౌనఃపున్యాల దగ్గర పదుల డెసిబెళ్ల తేడా వచ్చింది. ఒక నమూనా చానెళ్లను పట్టించుకుంటే ఇంకోటి పట్టించుకోదు, ఒకటి ఖాళీలో ఊలు ఉందనే అనుకుంటుంది. దీనికి ఎదురుగా, ఒకే గోడను వేర్వేరు ప్రయోగశాలలు కొలిస్తే మొత్తం అంకెలో వచ్చే అనిశ్చితి సుమారు 1.2 డెసిబెళ్లు. అంటే మంచి కొలత ఉన్నచోట సూత్రం కంటే కొలతే నయం. సూత్రం పనికొచ్చేది రెండు అమరికల్లో ఏది మెరుగో చెప్పడానికి, ఎక్కడ బలహీనత పడుతుందో ముందే చూపడానికి. ‘ఈ గోడకు 47 వస్తుంది’ అని సూత్రం ఒక్కదాని మీద నిలబడి సంతకం పెట్టేవాడిని నేనైతే నమ్మను.

తెలుగునేల మీద ఈ సూత్రాలను పరీక్షించి చూడదగిన కట్టడం నెల్లూరులో ఉంది. గాజు నార కలిపిన జిప్సం పలకలతో అక్కడ కేంద్ర సంస్థ బీఎంటీపీసీ 36 ప్రదర్శన గృహాలు కట్టించింది. ఈ పలకల నిర్మాణ పద్ధతిని మద్రాసు ఐఐటీ అభివృద్ధి చేసి 2013లో తన ఆవరణలో ఒక నమూనా భవనం లేపింది. పలక మందం 124 మిల్లీమీటర్లు, లోపల నిలువు గదులు, ఖాళీగా ఉంటే చదరపు మీటరుకు సుమారు 44 కిలోలు. చూడటానికి రెండు పొరలే, కానీ రెండు ముఖాలనూ కలిపేది పలుచని ఉక్కు చానెల్ కాదు, పాతిక సెంటీమీటర్లకొకటి చొప్పున పలకలోనే పోతపోసిన జిప్సం నిలువుపట్టీలు. స్ప్రింగు ఊసే లేదు. అందుకే దీన్ని రెండు పొరల సూత్రంతో లెక్కగట్టకూడదు, బరువు సూత్రం ఇచ్చే 40ని కూడా పైహద్దుగానే తీసుకోవాలి. గదులను కాంక్రీటుతో నింపితే బరువు 250 కిలోలకు వచ్చి కథ పూర్తిగా మారుతుంది. కొన్నింటిని నింపి కొన్నింటిని వదిలేస్తే శబ్దం వదిలేసిన చోటునుంచే దాటుతుంది, సగటు బరువు లెక్కకు అక్కరకు రాదు.

ఈ మొత్తం చర్చలో డీజే రాలేదు. మొత్తం అంకె అని మనం చెప్పుకునేది 100 హెర్ట్జ్ పైన జరిగే సంగతుల్నే చూస్తుంది. పెళ్లి ఊరేగింపు పెట్టెల్లోంచి వచ్చే దెబ్బ అంతకు కింద, లేదా సరిగ్గా మన జిప్సం గోడ ఊపు ఉన్న చోట పడుతుంది. మూడున్నర మీటర్ల గదిలో మొదటి అనునాదమే 49 హెర్ట్జ్. అక్కడ గదిలో ఒక మూల నిలబడితే ఒకలా, నడుమ నిలబడితే ఇంకోలా వినపడుతుంది, కొలతలు కూడా అలాగే చెదురుతాయి. తేలిక గోడ మాటను ఆపినంత బాగా డప్పునూ డీజేనూ ఆపుతుందని ఏ సూత్రంతోనూ చూపలేం. అలాంటి అవసరమే ఉంటే బరువైన గోడే కట్టుకోవాలి.

జాతీయ భవన నియమావళి 2016 ఎనిమిదో భాగంలో ధ్వనికి ఒక విభాగమే ఉంది. దాన్ని బజారులో కట్టే అడ్డుగోడ దాకా తేవాలంటే స్థానిక కొలతలు కావాలి. పులివెందులలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006 నుంచి ఉంది, ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉంది. సివిల్ విద్యార్థుల ప్రాజెక్టుకు ఇంతకంటే దగ్గరి విషయం దొరకదు. ఒక గదిలో స్పీకరుతో సమంగా హోరు పెట్టి, రెండు గదుల్లోనూ చాలా చోట్ల స్థాయి తీసుకోవాలి. రెండో గదిలో శబ్దం అణగడానికి పట్టే కాలం కొలిచి దిద్దుబాటు చేయాలి. అవతలి గదిలో అప్పటికే ఉన్న రొద కంటే దాటివచ్చిన శబ్దం 10 డెసిబెళ్లయినా ఎక్కువ ఉండాలి, అందుకే బజారు అణిగిన రాత్రి వేళే వీలు. ఫోను యాప్ తేడా చూపించడానికి పనికొస్తుంది, డెసిబెళ్ల మీద వాదనకు పనికిరాదు.

కొలిచిన అంకెతో పాటు రాసిపెట్టుకోవాల్సినవి అంతకంటే ముఖ్యం: చానెల్ రేకు అర మిల్లీమీటరుదా ఇంకా మందమా, చానెళ్ల మధ్య ఎడం ఎంత, మరలు ఎంతకొకటి పడ్డాయి, ఊలు నిండుగా ఉందా కిందికి జారిందా, గోడ స్లాబును తాకిందా సీలింగు దగ్గరే ఆగిందా, తలుపు కింద ఎన్ని మిల్లీమీటర్లు. ఇవి లేకుండా వచ్చిన 38 ఆ ఒక్క గదికే 38. ఇవి పక్కన ఉంటే ప్రొద్దుటూరులో బంగారు అంగడి మీద ఆడిటరు గది కట్టేవాడు కూడా అదే అంకెతో లెక్క మొదలుపెట్టుకోవచ్చు.